నగరాలకు ఆరోగ్యమిచ్చిన ఇంజనీరు

భగీరథుడు గంగను భువికి దింపిన కథ తెలుగువారికి సుపరిచితం. ఏ ప్రాంతానికైనా నీరు తెచ్చిన మహనీయుని అపర భగీరథుడని కీర్తించడం మన సంప్రదాయం. అయితే ఒక ఊరికి నీరు తెచ్చినంత మాత్రాన ఆ ఊరి అవసరం పూర్తిగా తీరదు. వాడిన నీరు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం లేనిచోట వచ్చిన నీరే వ్యాధులకు మూలమవుతుంది. మంచినీరు లోనికి రావడం, మురుగునీరు వెలుపలికి పోవడం అనేవి బండికి రెండు చక్రాల వంటివి. ఏ ఒక్కటి లేకపోయినా బండి సాగదు. భారతదేశంలో ఈ రెండు పనులకూ సమానమైన ప్రాధాన్యమిచ్చి, పట్టణాల ఆరోగ్యం కోసం జీవితంలో అధికభాగాన్ని వెచ్చించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. కృష్ణరాజసాగరం వంటి మహా నిర్మాణాల వల్ల ఆయన కీర్తి దేశమంతటా వ్యాపించింది. కాని నేల అడుగున కంటికి కనిపించకుండా ప్రజలకు సేవచేసే గొట్టాల వెనుక, కాలువల వెనుక ఉన్న ఆయన కృషి ఎక్కువమందికి తెలియదు.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లి గ్రామంలో జన్మించారు. ఈ గ్రామం నేడు కర్ణాటక రాష్ట్రంలోని చిక్కబళ్లాపుర జిల్లాలో ఉన్నది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వేంకటలక్ష్మమ్మ. వీరి పూర్వికులు ఆంధ్రదేశంలోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం నుండి వలసవెళ్లినవారు. ఊరిపేరే ఇంటిపేరైంది. కన్నడసీమలో స్థిరపడినా ఆ కుటుంబం ఇంట తెలుగు నిలుపుకున్నది.

విశ్వేశ్వరయ్య చిన్నవయసులోనే తండ్రిని కోల్పోయారు. ఆస్తిపాస్తులు అంతంతమాత్రం. తల్లి ధైర్యం కోల్పోక కుమారుని చదివించింది. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని, మేనమామ రామయ్య అండతో ఆ బాలుడు బెంగళూరు చేరాడు. సెంట్రల్ కళాశాలలో చదువుతూనే ఒక సంపన్న కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ రాబడితో తన అవసరాలు గడుపుకున్నాడు. కాలాన్ని వృథా చేయకపోవడం, ప్రతి పైసాకూ లెక్క చూసుకోవడం ఆనాడే అలవడిన గుణాలు. పట్టభద్రుడైన తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనం ఆయనకు పుణె నగరంలోని సైన్సు కళాశాల ద్వారాలు తెరిచింది. అక్కడ ఇంజనీరింగు అభ్యసించి, 1883లో బొంబాయి రాజధానిలోనే ప్రథమస్థానంలో ఉత్తీర్ణుడయ్యారు. ప్రజల పన్నులతో లభించిన విద్య ప్రజలకే ఉపయోగపడాలన్న భావన ఆయన తదుపరి జీవితమంతటా కనిపిస్తుంది.

1884లో విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు. ఆ కాలంలో మన పట్టణాల స్థితి దయనీయంగా ఉండేది. ఒకే చెరువులో స్నానాలు, బట్టలుతుకుట, పశువులను కడుగుట జరిగేవి. ఆ చెరువు నీరే తాగునీరు. మరుగుదొడ్ల మాలిన్యం బావులలోకి ఇంకిపోయేది. కలరా ఒక్కొక్క ఏడు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టేది. అది గాలి వల్ల వస్తుందని కొందరు, దేవత ఆగ్రహం వల్ల వస్తుందని కొందరు భావించేవారు. కలుషితమైన నీటి వల్లనే కలరా వ్యాపిస్తుందని 1854లో లండన్ నగరంలో జాన్ స్నో అనే వైద్యుడు నిరూపించినా చాలాకాలం ఆ మాటను లోకం సంపూర్ణంగా అంగీకరించలేదు. సరిగ్గా విశ్వేశ్వరయ్య ఉద్యోగంలో చేరుతున్న రోజులలోనే జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తా వచ్చి, అక్కడి ఒక చెరువు నీటిలో కలరా క్రిములను కనుగొన్నాడు. దానితో ప్రజారోగ్యంలో వైద్యుని బాధ్యత ఎంతటిదో ఇంజనీరు బాధ్యత కూడా అంతటిదేనని తేటతెల్లమైంది. వ్యాధి సోకిన తరువాత వైద్యుడు చికిత్స చేస్తాడు. వ్యాధి సోకకుండా ఇంజనీరు నీటిని కాపాడుతాడు.

విశ్వేశ్వరయ్య ప్రతిభను తొలిసారి లోకానికి వెల్లడించిన పట్టణం సింధు నదీతీరంలోని సుక్కూరు. నేడది పాకిస్తాన్ దేశంలో ఉన్నది. ఆనాడు సింధు ప్రాంతం బొంబాయి రాజధానిలో భాగం. పక్కనే మహానది ప్రవహిస్తున్నా సుక్కూరు ప్రజలకు పరిశుభ్రమైన నీరు లేదు. సింధు జలాలు బురదతో, ఇసుకతో నిండి ఎర్రగా ఉండేవి. ఆ నీటిని వడగట్టడానికి పెద్ద పెద్ద వడపోత తొట్లు నిర్మించాలంటే పురపాలక సంఘం వద్ద అంత ధనం లేదు. 1894-95 ప్రాంతంలో ఈ సమస్య పరిష్కారానికి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను అక్కడికి పంపింది.

ధనం లేదని చేతులు ముడుచుకొని కూర్చోవడం ఆయన స్వభావం కాదు. వడపోతకు కావలసిన ఇసుక నదీగర్భంలోనే పుష్కలంగా ఉన్నదని ఆయన గమనించారు. ఒడ్డుకు చేరువలో నది అడుగుననే లోతైన బావిని తవ్వించారు. నదిలోని నీరు ఇసుక పొరల గుండా ఊరి, అందులోని మట్టిని, మలినాలను ఆ పొరలకే వదిలి, తేటబడి బావిలోకి చేరింది. ఆ నీటిని యంత్రాలతో ఎత్తైన ప్రదేశానికి తోడి, అక్కడి నుండి గొట్టాల ద్వారా పట్టణానికి పంపించారు. వేసవిలో ఏటి ఇసుకలో చెలమ తీసి, ఊరిన తేటనీటిని ముంచుకొనే అలవాటు మన పల్లెలలో తరతరాలుగా ఉన్నదే. ఆ ప్రకృతి ధర్మాన్నే విశ్వేశ్వరయ్య శాస్త్రీయంగా ఒక పట్టణమంతటికీ ఉపయోగించారు. పేద పట్టణానికి అవసరమైనది ఖరీదైన యంత్రం కాదనీ, తనకున్న వనరులతో సాధించగల ఉపాయమనీ సుక్కూరు అనుభవం చాటింది.

ఆ తరువాత ఆయన సూరతులోను, పుణెలోను పనిచేశారు. పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం ఆ నగరానికి తాగునీటిని, కింది పొలాలకు సాగునీటిని అందించేది. వానకాలంలో పొంగివచ్చిన నీరు అలుగు మీదుగా పొర్లిపోయి వ్యర్థమయ్యేది. ఆనకట్ట ఎత్తు పెంచితే పాత కట్టడానికి ముప్పు. విశ్వేశ్వరయ్య ఆలోచించి, అలుగు మీద అమర్చదగిన స్వయంచాలక తలుపులను రూపొందించారు. నీటిమట్టం నిర్ణీతస్థాయికి చేరేవరకు అవి మూసుకొని నీటిని నిలుపుతాయి. వరద ఆ స్థాయిని మించగానే మనిషి ప్రమేయం లేకుండా వాటంతట అవే తెరుచుకుంటాయి. వరద తగ్గగానే తిరిగి మూసుకుంటాయి. కట్ట ఎత్తు పెంచకుండానే నిలువ పెరిగింది. 1903లో అమర్చిన ఈ తలుపులను తరువాత గ్వాలియరు సమీపంలోని తిగ్రా ఆనకట్టకు కూడా ఉపయోగించారు.

కొంతకాలానికి విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వానికి పారిశుద్ధ్య ఇంజనీరుగా నియుక్తులయ్యారు. రాజధాని అంతటా ఉన్న పట్టణాలకు మంచినీటి పథకాలను, మురుగునీటి పథకాలను పరిశీలించడం ఈ ఉద్యోగధర్మం. ఆయన ఊరూరా తిరిగి, బావులను, చెరువులను, వీధి కాలువలను స్వయంగా చూసి, ప్రతి ఊరి ఎత్తుపల్లాలను కొలిపించి నివేదికలు సిద్ధపరిచేవారు. కార్యాలయంలో కూర్చుండి పటం గీయడం ఆయనకు సమ్మతం కాదు.

1906లో ఆయనను ప్రభుత్వం అరేబియా తీరంలోని ఏడెన్ రేవుకు పంపింది. ఆ రేవు అప్పుడు బొంబాయి ప్రభుత్వపు పాలనలో ఉండేది. చుట్టూ ఉప్పునీటి సముద్రం, వెనుక నల్లని రాతికొండలు, ఏడాది పొడవునా చినుకు కరవు. ప్రాచీనులు కొండ చరియలలో తొట్లు కట్టి అరుదుగా కురిసే వాననీటిని నిలువచేసుకొనేవారు. ఆంగ్లేయులు సముద్రజలాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీరు తయారుచేసేవారు. అది ఎంతో ఖర్చుతో కూడిన పని. విశ్వేశ్వరయ్య ఆ ఎడారి ప్రాంతమంతా తిరిగి పరిశీలించారు. ఏడెన్‌కు ఉత్తరాన ఉన్న లహెజ్ ప్రాంతంలో ఎండిన నదీగర్భపు ఇసుక కింద నీరున్నదని గుర్తించి, అక్కడ బావులు తవ్వి నీటిని రేవుకు తరలించవచ్చునని సూచించారు. ఆ పట్టణపు మురుగునీటి పారుదలకు కూడా మార్గాలు నిర్దేశించారు. ఒకే పర్యటనలో ఆయన రెండు సమస్యలను కలిపి పరిశీలించడం గమనింపదగిన విషయం. నీరు దొరకని చోట కూడా మురుగు గురించి ఆలోచించినవాడే నిజమైన పారిశుద్ధ్య ఇంజనీరు.

ఇంత ప్రతిభ కనబరచినా ఆనాటి పరపాలనలో భారతీయునికి అత్యున్నత పదవి అందని మానిపండు. బొంబాయి ప్రధాన ఇంజనీరు పదవి తనకు లభించే అవకాశం లేదని గ్రహించిన విశ్వేశ్వరయ్య, ఇంకా ఎంతో సర్వీసు మిగిలి ఉండగానే 1908లో స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణకు సిద్ధపడి, విదేశాల పర్యటనకు బయలుదేరారు. ఐరోపా నగరాలలోని నీటి సరఫరా, మురుగునీటి వ్యవస్థలను శ్రద్ధగా అధ్యయనం చేయసాగారు. ఆ సమయంలో ఒక తెలుగు నేల మీద జరిగిన ఘోరవిపత్తు ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

1908 సెప్టెంబరు 28. హైదరాబాదు నగర చరిత్రలో అదొక చీకటి దినం. అంతకుముందు ఎడతెరిపి లేకుండా కురిసిన కుంభవృష్టికి మూసీనది ఉగ్రరూపం దాల్చింది. ఎగువనున్న చెరువులు ఒకటి తరువాత ఒకటి తెగిపోయాయి. ఒక చెరువు నీరు మరొక చెరువు మీద పడి దాని కట్టను తెంపింది. ఆ నీరంతా ఒక్కుమ్మడిగా నగరం మీదికి విరుచుకుపడింది. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. పురానాపూల్ మాత్రం తట్టుకొని నిలిచింది. నదీతీరపు పేటలు నామరూపాలు లేకుండా పోయాయి. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చింతచెట్టు ఆనాటి విషాదానికి సాక్షిగా నిలిచింది.

వరద తీసింది. శవాలను తొలగించారు. నిరాశ్రయులకు అన్నవస్త్రాలిచ్చారు. కాని అసలు ప్రశ్న అలాగే మిగిలింది. ఇటువంటి వరద మరల వస్తే నగరం గతి ఏమిటి? ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవాడు విశ్వేశ్వరయ్యేనని నిశ్చయించి ఆయనకు ఆహ్వానం పంపింది. విదేశ పర్యటనను ముగించుకొని ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్నారు.

వచ్చీరాగానే ఆయన పరిష్కారాలు చెప్పలేదు. ముందుగా వివరాలు సేకరించారు. ఏ చోట ఎంత వాన పడింది, ఏ గంటకు నది ఎంత ఎత్తున పొంగింది, గోడల మీద వరద విడిచిన గుర్తులు ఎక్కడ ఉన్నాయి, ఏ చెరువుకు ఎప్పుడు గండిపడింది అనే విషయాలను ఒక్కొక్కటిగా కూర్చారు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగిపోయాయనీ లెక్క తేలింది. ఆనాడు నగరం గుండా సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించిందని అంచనా వేశారు. విపత్తును దైవోపహతిగా భావించి ఊరుకొనక, దానిని అంకెలలోకి మార్చి పరిశీలించడం ఆయన పద్ధతి. అంకెలు తేలినప్పుడే ఉపాయం తేలుతుంది.

అనంతగిరి కొండల వైపు నుండి వచ్చే మూసీ, దానితో కలిసే ఈసీ అనే రెండు పాయలే హైదరాబాదుకు వరదను మోసుకొస్తాయి. నగరంలో నది వెడల్పును కావలసినంత పెంచడం సాధ్యం కాదు. కాబట్టి వరదను నగరానికి రాకముందే ఎగువన ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి చొప్పున రెండు పెద్ద జలాశయాలు నిర్మించాలనీ, పెనువరద వచ్చినప్పుడు వాటిలో నీటిని నిలిపి, నది భరించగలిగినంత మేరకే కిందికి వదలాలనీ విశ్వేశ్వరయ్య తన నివేదికలో ప్రతిపాదించారు. అదే జలాశయాలు నగరానికి తాగునీటిని కూడా అందించగలవు. ప్రాణాలు తీసిన నీటినే ప్రాణాలు నిలిపే నీటిగా మార్చడం ఈ ప్రతిపాదనలోని విశిష్టత. నగరంలో నదికి ఇరువైపులా గట్లు ఎత్తుచేసి, ఒడ్డున వీథులు, ఉద్యానాలు తీర్చిదిద్దాలని కూడా ఆయన సూచించారు.

అంతటితో ఆయన ఆగిపోలేదు. పెరుగుతున్న నగరానికి భూగర్భ మురుగునీటి పారుదల వ్యవస్థ కావాలని ప్రత్యేకంగా ఒక పథకాన్ని రూపొందించారు. ఆనాటి హైదరాబాదు జనాభా నాలుగు లక్షలకు మించినది. ఇళ్లలోని మురుగు వీథి కాలువలలో నిలిచి, గుంటలలో కుళ్లి, చివరకు మూసీలోనే కలిసేది. జలాశయాలు కట్టి ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చిన కొద్దీ వాడే నీరు పెరుగుతుంది. దానితో పాటు మురుగు కూడా పెరుగుతుంది. ఆ మురుగుకు దారి చూపకుండా నీరు మాత్రం ఇస్తే రోగాలకు ఆహ్వానం పలికినట్లే అవుతుంది.

నీరు పల్లమెరుగునని మన పెద్దలు చెప్పిన సామెతలోనే మురుగునీటి శాస్త్రపు మూలసూత్రం ఇమిడి ఉన్నది. భూగర్భ గొట్టాలను తగిన వాలుతో అమర్చితే, యంత్రాల అవసరం లేకుండానే మురుగు తనంతట తాను దిగువకు సాగిపోతుంది. వాలు తక్కువైతే మడ్డి పేరుకొని గొట్టం పూడుకుపోతుంది. అందువల్ల నగరంలోని ప్రతి వీథి ఎత్తును సూక్ష్మంగా కొలవాలి. ఇంటి నుండి వచ్చే చిన్న గొట్టం వీథి గొట్టంలో, వీథి గొట్టం పెద్ద గొట్టంలో కలవాలి. నడుమ నడుమ మనిషి చూడడానికి వీలుగా గుంతలుండాలి. చివరకు ఆ మురుగు జనావాసాలకు దిగువన, దూరంగా ఉన్న ప్రదేశానికి చేరాలి. ఇందులో ఏ ఒక్క అంగం లోపించినా తక్కినదంతా నిరర్థకం. ఇంత శ్రమతో నిర్మించిన వ్యవస్థ పూర్తయిన తరువాత ఎవరి కంటికీ కనబడదు. ఆనకట్టను చూసి జనం చేతులెత్తి మొక్కుతారు. మురుగు గొట్టాన్ని చూసేవారు లేరు. అది చెడినప్పుడు మాత్రమే అందరికీ గుర్తుకు వస్తుంది.

ప్రభుత్వాల తీరు కూడా అటువంటిదే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో మూసీ మీది జలాశయం 1920 నాటికి పూర్తయింది. ఆయన పేరు మీద అది ఉస్మాన్‌సాగర్‌గా ప్రసిద్ధమైంది. ప్రజలు గండిపేట చెరువని పిలుచుకుంటారు. ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. గండిపేట నీరు తాగినవాడు హైదరాబాదును విడిచిపెట్టలేడనే మాట ప్రజల నోట నిలిచిపోయింది. కాని మురుగునీటి పథకం అంత వేగంగా ముందుకు సాగలేదు. 1920వ దశకంలో నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను మరల ఆహ్వానించింది. అప్పటికి ఆయన మైసూరు దివానుగా పనిచేసి విరమించిన ప్రముఖుడు. వయసు అరవై దాటింది. అయినా తాను ఏనాడో ప్రారంభించిన పని అసంపూర్ణంగా ఉన్నదని తెలిసి, మురుగు కాలువల పనిని పర్యవేక్షించడానికి ఆయన సంకోచించలేదు. పెద్ద పదవులు నిర్వహించినవాడు చిన్న పని చేయరాదన్న అభిప్రాయం ఆయనకు లేదు. ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన ఏ పనీ ఆయన దృష్టిలో చిన్నది కాదు.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానానికి ప్రధాన ఇంజనీరు అయ్యారు. కావేరీనది మీద కృష్ణరాజసాగర నిర్మాణానికి రూపకల్పన చేసి, 1911లో పనులు ప్రారంభింపజేశారు. 1912లో మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరు ఆయనను దివానుగా నియమించారు. పదవిని స్వీకరించేముందు ఆయన బంధువులను పిలిచి, తన పదవిని అడ్డుపెట్టుకొని ఎవరూ ఏ సహాయమూ కోరరాదని షరతు విధించారని చెబుతారు. దివానుగా పనిచేసిన ఆరేళ్లలో పాఠశాలలు, బ్యాంకు, కర్మాగారాలు, రైలుమార్గాలు స్థాపించడానికి ఆయన అహర్నిశలు శ్రమించారు.

ఆయన దృష్టిలో వీటన్నిటికీ మూలం విద్య. ఆనాటివరకు మైసూరు విద్యార్థులు మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టాల మీదనే ఆధారపడేవారు. విశ్వేశ్వరయ్య పట్టుదలతో 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మరుసటి సంవత్సరం బెంగళూరులో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. పూర్వం ఒక మైసూరు విద్యార్థి ఇంజనీరు కావాలంటే తనవలె పుణె వంటి దూరనగరానికి వెళ్లవలసి వచ్చేది. ఒక ఊరికి నీరు తేవడానికి ఒక నిపుణుడు చాలు. కాని దేశంలోని వేలాది ఊళ్లకు నీరు, పారిశుద్ధ్యం కల్పించాలంటే వేలాది నిపుణులు కావాలి. వారిని తయారుచేసేవి విశ్వవిద్యాలయాలే. విశ్వవిద్యాలయంలో నేర్చిన విద్య ఊరి బావి వరకు, వీథి కాలువ వరకు చేరినప్పుడే అది సార్థకమవుతుందనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

1918లో దివాను పదవిని విడిచిన తరువాత కూడా విశ్వేశ్వరయ్య విశ్రాంతి ఎరుగరు. దేశంలోని అనేక సంస్థానాలు, పురపాలక సంఘాలు నీటి సరఫరా, మురుగునీటి పారుదల, నదీ ప్రాజెక్టుల విషయంలో ఆయన సలహాలు స్వీకరించాయి. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ అవసరాన్ని వివరిస్తూ గ్రంథం వెలువరించారు. స్వతంత్ర భారతం ప్రణాళికలు ప్రారంభించడానికి ఎంతో ముందే ఆయన ఆ దిశగా ఆలోచించారు. ఏ పనికైనా ముందుచూపు, లెక్క, గడువు ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

దుస్తులు, ఆహారం, మాట, సమయం అన్నింటా ఆయన క్రమశిక్షణ పాటించారు. సమావేశానికి ఒక్క నిమిషం ఆలస్యమైనా సహించేవారు కారు. సిద్ధం కాకుండా ఏ సభలోనూ ప్రసంగించేవారు కారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనకు అత్యున్నత పురస్కారమైన భారతరత్న ఇచ్చి గౌరవించింది. తొంభై ఏళ్లు దాటిన వయసులో కూడా గంగానది మీద మొకామా వద్ద కట్టదలచిన వంతెన స్థలాన్ని పరిశీలించడానికి ఆయన స్వయంగా వెళ్లారు. నూరేళ్లు నిండిన పరిపూర్ణ జీవితం గడిపి, 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో తుదిశ్వాస విడిచారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను భారతదేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నది. 1998లో కర్ణాటకలో స్థాపించిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

విశ్వేశ్వరయ్య పూర్తిచేసిన పనులెన్నో ఉన్నాయి. ఆయన సూచించినా నేటికీ పూర్తికాని పనులు కూడా ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఒక శతాబ్దికాలంగా హైదరాబాదుకు అండగా నిలిచాయి. కాని నాలుగు లక్షల జనాభాను చూసి రూపొందించిన ఏర్పాట్లు కోటి మందికి చాలవు. అనేక చెరువులు, వాటిని కలిపే కాలువలు ఆక్రమణలకు లోనయ్యాయి. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను కురిసిన భారీవర్షాలకు నగరంలోని పల్లపు పేటలు నీట మునిగాయి. ఆయన తోటలతో అలంకరించాలని కోరిన మూసీ తీరంలో మురుగునీరు ప్రవహిస్తున్నది. నీరు పల్లానికే పోతుంది. మనిషి దానికి దారి విడువకపోతే అది మనిషి ఇంటిలోనికే దారి చేసుకుంటుంది.

మహనీయులకు విగ్రహాలు కట్టి, జన్మదినాన పూలమాలలు వేయడం సులభం. వారు మిగిల్చిన పనిని కొనసాగించడం కష్టం. తన పేరు చెక్కిన శిలాఫలకాల కంటె, ఒక పేద వాడలో బిడ్డ తాగే శుభ్రమైన గుక్కెడు నీటిలోను, మురుగు నిలువని వీథిలోను విశ్వేశ్వరయ్య ఎక్కువగా జీవిస్తారు. కంటికి కనిపించే కట్టడానికే కాక, కంటికి కనిపించని కాలువకు కూడా అంతే శ్రద్ధ చూపిన ఆ కర్మయోగి జీవితం నేటి విద్యార్థులకు ఆదర్శప్రాయం.